ఉప్పు లెక్క మాకూ చెప్పండి

రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల సివిల్, పర్యావరణ ఇంజినీరింగ్ ఆచార్యులకు,

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ అనగానే అందరూ కరకట్ట ఎత్తు గురించే మాట్లాడతారు. కానీ ఉప్పు ఆ కరకట్ట ఎక్కి రానక్కర్లేదండీ. పోటు వేళ మురుగు కాలువల్లోంచి ఎగదన్నుతుంది, వేసవిలో బోర్లలోకి దిగుతుంది. నాగాయలంక, కోడూరు వైపు గట్ల మీద తెల్లటి పొర తేలుతుంది. నారు కొసలు మాడాక గానీ రైతుకు తెలియదు. అప్పటికే విత్తనం, దుక్కి ఖర్చు పోయినట్టే.

ఈ ఉప్పు మీద మీ పరిశోధనలు ఇంగ్లీషు థీసిస్‌లలో ఉంటే మాకెలా అందుతాయి?

ఏటా నారుమళ్లకు ముందే, మే నెలాఖరుకల్లా, బోర్లలోనూ డ్రెయిన్లలోనూ ఉప్పు ఎంతుందో కొలిచి గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో అంటించండి. ఏ నీళ్లు వరికి పనికిరావో పక్కనే రాయండి. ఉప్పు కొలిచే మీటరు ఖరీదెంతో మీకే తెలుసు, పెద్ద ఖర్చేం కాదు. కొలవడానికి మా హైస్కూలు పిల్లలున్నారు; నేర్పేవాళ్లను పంపండి.

ఇట్లు,
మోపిదేవి రైతు