విడాకుల కాగితము



ఈ మాసమున మాకు చేరిన లేఖలలో మూడు ఒకే విషయమును గూర్చినవి. ఒకటి చిక్కడపల్లినుండి, ఒకటి నారాయణగూడనుండి, మూడవది అశోక్‌నగరునుండి వచ్చినవి. ఆ మూడిండ్లకును నడుమ దూరము నడిచి పోదగినంతయే; వారి కష్టములును అంత దగ్గరవే. పేరులు వ్రాయము. సంగతులు మాత్రము చెప్పి ప్రత్యుత్తరము లిచ్చుచున్నాము. ఇందు చెప్పినది ముఖ్యముగా హిందూ వివాహములను గూర్చినది.

చిక్కడపల్లి సోదరి వ్రాయుచున్నారు: నాలుగేండ్ల క్రిందట పెద్దమనుష్యులు కూర్చుండి, స్టాంపు కాగితముమీద “ఇకమీదట ఒకరికొకరు ఏమియు కారు, మనోవర్తి అక్కరలేదు” అని వ్రాయించి, ఆలుమగల చేత సంతకములు చేయించిరట. ఇప్పు డొక మంచి సంబంధము వచ్చినది. రాబోవు మాసమున ముహూర్తము పెట్టుకొనవచ్చునా యని వారి ప్రశ్న.

సోదరీ, పెట్టుకొనరాదు. ఈ మాట చెప్పుటకు మాకును కష్టముగనే యున్నది. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము ప్రకారము వివాహమును త్రెంచునది న్యాయస్థానపు డిక్రీయే కాని పెద్దల సంతకములు కావు. కులాచారముచేత విడాకులు చెల్లువారికి ఆ చట్టపు 29వ సెక్షను మినహాయింపు నిచ్చినది. కాని అట్టి ఆచారము చిరకాలముగా ఎడతెగక నడచుచున్నదని ఋజువు చేయు భారము దానిని చెప్పుకొనువారిదే. ఉత్త కాగితమును నమ్మి పెండ్లాడినచో ఆ రెండవ వివాహము చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద ఏడేండ్ల వరకు ఖైదు పడవచ్చును.

అయినను దిగులు వలదు. ఇరువురకును సమ్మతి యున్నది గదా. ఒక యేడాదికి తక్కువ గాక విడిగా నున్న దంపతులు పరస్పర సమ్మతితో విడాకులు కోరవచ్చునని 1976లో చేర్చిన 13-బి సెక్షను చెప్పుచున్నది. కుటుంబ న్యాయస్థానమున ఇరువురును కలిసి అర్జీ పెట్టవలెను. ఆరు మాసములు గడచిన పిమ్మట, పదునెనిమిది మాసములు దాటక మునుపు, మరల కోరవలెను. అర్జీకి ముందే పదునెనిమిది మాసములు విడిగా నుండి, రాజీ యత్నములు విఫలమై, మనోవర్తి, పిల్లలు మొదలగు తగవులన్నియు తీరియున్నచో ఆ ఆరు మాసముల గడువును తగ్గించుటకు న్యాయస్థానమునకు అధికారము కలదని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. మీరు నాలుగేండ్లుగా విడిగా నున్నారు గనుక ఆ సంగతి వకీలుతో తప్పక చెప్పుడు. మనోవర్తి అక్కరలేదన్న వ్రాత యొక్కటే న్యాయస్థానము చేతులను కట్టివేయ జాలదు. డిక్రీ వచ్చి, అప్పీలు గడువు తీరిన తరువాత ముహూర్తము చూచుకొనుడు. కొన్ని మాసములు ఓపిక పట్టుట, జన్మమంతయు చిక్కులు పడుటకంటె మేలు.

నారాయణగూడనుండి వ్రాసినవారు ఒక తల్లి. కుమార్తెకు పెట్టిన బంగారము అత్తవారింటనే యున్నది. కుమార్తె నోరు మెదపదు. తామే దావా వేయవచ్చునా యని అడుగుచున్నారు.

అమ్మా, ఆ నగలు స్త్రీధనము. వాటికి యజమానురాలు మీ కుమార్తె యొక్కతయే. భర్తయు కాడు, కన్నవారును కారు. మన తెలంగాణమునుండి వెళ్ళిన ఒక వ్యాజ్యమున, కుమార్తె విడాకులైన పిదప ఆమె అనుమతి లేకయే తండ్రి ఆమె నగలకై ఫిర్యాదు చేయగా, అతని కట్టి హక్కు లేదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చినది. కావున ముందు అమ్మాయితో నెమ్మదిగా మాటలాడుడు. ఆమెయే అడుగవలెను, లేదా మీకు అధికారము వ్రాసి యీయవలెను. పెండ్లి ఛాయాచిత్రములు, కంసాలి రసీదులు వెదకి భద్రపరచుడు. రాజీపత్రము వ్రాయునప్పుడు నగల ఊసెత్తక విడువకుడు.

అశోక్‌నగరు సోదరి మూడేండ్ల బిడ్డతో చిన్న గది అద్దెకు తీసికొని పోటీ పరీక్షలకు చదువుచున్నారు. భర్త నిజామాబాదులో నున్నాడు. దావా వేయుటకు అక్కడికి పోవలెనా, బిడ్డను లాగికొందురా, వకీలుకు సొమ్మెట్లు అని మూడు ప్రశ్నలు.

పోనక్కరలేదు. అర్జీ వేయునది భార్యయైనచో తా నుండు చోటనే వేయవచ్చునని 2003లో చట్టమును సవరించిరి. అద్దె రసీదులు దాచియుంచుడు. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి దగ్గరనే యుండవలెనని 1956 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ పైనను బిడ్డ క్షేమమే ప్రధానము. స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలు నిచ్చుట 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టముచే ఏర్పడిన హక్కు. 15100 సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును. దావా నడచుచుండగనే మధ్యకాలపు మనోవర్తి కోరుడు. ఇరుపక్షములును తమ ఆస్తి, ఆదాయములను ప్రమాణపత్రముపై చూపవలెననియు, మనోవర్తి అర్జీ వేసిన నాటినుండియే లెక్కింపవలెననియు 2020లో సుప్రీంకోర్టు ఆదేశించినది.

ముస్లిము సోదరీమణులకును ఒక మాట. హైదరాబాదు కుటుంబ న్యాయస్థానము విడాకులైన ఒక ముస్లిము స్త్రీకి నెలకు 20,000 రూపాయల మధ్యకాలపు భరణ మిచ్చినది. హైకోర్టు దానిని 10,000కు తగ్గించినది. భర్త సుప్రీంకోర్టునకు పోగా, అందరి స్త్రీలవలెనే ఆమెకును భరణపు హక్కు కలదని 2024 జులై 10న తీర్పు వచ్చినది.

న్యాయస్థానమనగానే భయపడువారు చాలమంది. 1953లో చైనా వెళ్ళివచ్చిన దుర్గాబాయమ్మగారు కుటుంబపు తగవులకు వేరు న్యాయస్థానము లుండవలెనని నెహ్రూగారికి చెప్పిరి. 1984లో చట్టము వచ్చినది. అచ్చట ముందుగా రాజీకి యత్నింతురు. మీరు కోరినచో విచారణ తలుపులు మూసి జరుపుదురు.

తుదిగా ఒక్క మనవి. బంధువులు పదిమంది చుట్టు కూర్చుండి, “సంతకము పెట్టుము తల్లీ, పీడ విరగడగును” అన్నప్పుడు ఆ కాగితమును చేతికి తీసికొని, “రేపు చెప్పెదను” అనుడు. ఆ రాత్రి దానిని నిదానముగా చదువుడు. తెల్లవారినంతనే వకీలునకు చూపుడు. ఆ ఒక్క దినపు ఆలస్యమువలన చెడిన కాపురము లేదు. తొందరపాటు సంతకము వలన చిక్కుపడిన బ్రతుకులు మాత్రము మా లేఖల పెట్టెలో చాల కలవు.