చెరువు చెప్పెడి ఊరిచరిత్ర

చరిత్ర యనగా రాజుల యుద్ధములును, పట్టాభిషేకములును మాత్రమే యని పెక్కుమంది తలంతురు. చిన్న పల్లెకును చరిత్ర గలదు. అది పలుమారు ఊరి పేరిలోనే దాగియుండును. ఈ మాసమున మేము కొత్తచెరువును గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఈ యూరు బుక్కపట్నమునకును, పుట్టపర్తికిని సమీపమున నున్నది. 2022వ సంవత్సరమున శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడువరకు ఇది అనంతపురము జిల్లాలోనిది. ఈ సీమలో వానలు తక్కువ. నందికొండల వైపునుండి వచ్చు చిత్రావతి వానకాలమున గొన్నాళ్లు పారి, తక్కిన దినములు ఇసుకయై యుండును. కావున ఏటిదాపున నున్నంతమాత్రమున పంట పండదు. పారు నీటిని బట్టి నిలుపు కట్ట కావలయును. బుక్కపట్నపు పెద్దచెరువు చిత్రావతి నీటినే పట్టునది. ఈ ప్రాంతపు గ్రామములు పెక్కు చెరువు పేరనో, సముద్రము పేరనో పిలువబడుటకు కారణ మిదియే.

విజయనగర ప్రభువుల కాలమున చెరువు త్రవ్వించుట గొప్ప ధర్మకార్యము. అనంతపురపు చెరువును 1364లో చిక్కప్ప ఒడయరు కట్టించెను. కడపసీమలోని పోరుమామిళ్ల చెరువునకు దినమునకు 1000 మంది కూలివారును, 100 బండ్లును 2 సంవత్సరములు పనిచేసినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది.

అయితే కట్టుట యొక యెత్తు, కాపాడుట యొక యెత్తు. చెరువును బాగుచేయువారికి దశబంధ మాన్యము లుండెడివి. హాలండు దేశపు నదీతీరపు పల్లెలలో నీరు లోనికి రాకుండ కట్టలు వేసి, ఎవరి వంతు కట్టను వారు బాగుచేసికొనెడివారు. వారికి నీరెక్కువ, మనకు తక్కువ, ధర్మ మొక్కటియే.

బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగబోవగా ముసలమ్మ యను రైతింటి కోడలు ఊరికొరకు బలియయ్యెనని జనశ్రుతి. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించిరి. ఆ యిల్లాలి త్యాగమునకు నమస్కరింతుము. కాని కట్టను నిలుపునది ఆడుబిడ్డ ప్రాణము గాదు. ఏటేట పూడిక తీయుట, తూమును సరిచూచుట, గండి పడకమునుపే మన్ను వేయుట, ఇవియే కట్టను నిలుపును. ఈ పనులను మరచిన యూరే పిదప త్యాగమును గోరును.

నేడు గొట్టపుబావులు వచ్చినవి గదా, చెరువేల యని కొంద రడుగుదురు. చెరువున నీరు నిలిచి భూమిలోనికి ఇంకిననే చుట్టుపట్ల బావులలో ఊట యుండును. చెరువు పూడినచో బావియు నెండును; బిందె పట్టుకొని దూరము నడువవలసినది మనమే.

కావున సోదరీమణులారా, మీ పుట్టినింటి యూరిలోను, మెట్టినింటి యూరిలోను ఉన్న చెరువును గూర్చి ఇంటి అవ్వల నడుగుడు. దాని నెవరు త్రవ్వించిరి? ఎప్పుడు తెగినది? ఎవరు బాగుచేసిరి? విన్నది విన్నట్లు వ్రాసి, పిల్లలకు జదివి వినిపింపుడు. బిందె బరువు నెరిగిన చేతులే ఆ చరిత్రను వ్రాయుటకు దగినవని మా నమ్మకము.