ఉత్తరం రాసే ముందు...

మిక్సీ మూత ఇలా ఉంటే పచ్చడి చిమ్మదు కదా అని మనలో ఎందరికో తోస్తుంది. వెంటనే పెద్ద కంపెనీకి ఉత్తరం రాసేయాలనిపిస్తుంది. నేనైతే ఆగమంటాను. అడక్కుండా పంపిన సలహాను రహస్యంగా ఉంచే పూచీ మాది కాదని చాలా పెద్ద కంపెనీలు ముందే రాసిపెట్టుకుంటాయి. (ఆ చీమతలకాయంత అక్షరాలు ఎవరు చదువుతారు!) ఒట్టి ఆలోచనకు చట్టంలో రక్షణ లేదు. అది కొత్తదైతే ముందు చెన్నై పేటెంటు కార్యాలయానికి తాత్కాలిక దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో రుసుము 1,600 రూపాయలు, అంటే ఓ మాదిరి చీర ఖరీదు. పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల గడువుంటుంది. సొంత పేరుతో దరఖాస్తు చేసే మహిళలు, అదనపు రుసుముతో త్వరగా పరిశీలించమని కోరే వీలు 2019లో వచ్చింది. "వంటింటి బుద్ధికి పేటెంటా?" అని ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. దరఖాస్తు నంబరు చేతికొచ్చేదాకా పక్కింటి వదినగారికి కూడా చెప్పొద్దు.