ఫార్మాట్ కొట్టడం వైద్యం కాదు



మన వార్షికోత్సవ సంచికలో చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి, అంబేద్కర్ గారి ఆశయాల గురించి రాసేవాళ్ళు ఏటా ఉంటారు. రాయాల్సిందే. నాకు మాత్రం ఈసారి ఇంట్లో పాత కంప్యూటర్ మాటిమాటికీ హ్యాంగ్ అవడం గురించి రాయాలనిపించింది. ఇదీ చదువు విషయమే. మనలాంటి వాళ్ళ ఇళ్ళలోకి కంప్యూటర్ వచ్చిందంటే చాలావరకు అది సెకండ్ హ్యాండ్‌దే. ఏదో ఆఫీసులో ఐదారేళ్ళు వాడి తీసేసినదాన్ని అమ్మానాన్నలు చీటీ డబ్బులు పెట్టి కొని ఉంటారు. అది బిగుసుకుపోయిన రోజున ఆ ఇంట్లో ప్రాజెక్టు రిపోర్టు ఆగుతుంది, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగుతుంది, తమ్ముడి టైపింగ్ ప్రాక్టీసు ఆగుతుంది.

అప్పుడు అందరూ చెప్పే మందు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టించన్నా, సరిపోతుంది." జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా గుండు కొట్టించినట్టు ఉంటుందిది. జ్వరం తగ్గదు, జుట్టు మాత్రం పోతుంది. ఇక్కడ పోయేవి స్కాన్ చేసి పెట్టుకున్న సర్టిఫికెట్లు, ఫొటోలు, సగం టైపు చేసిన రిపోర్టు.

ఫార్మాట్ అయ్యాక పదిరోజులు బాగానే నడుస్తుంది కదా అంటారు. నిజమే. పెరిగిపోయిన ప్రోగ్రాములన్నీ పోతాయి కాబట్టి తేలికపడుతుంది. ఒకదానితో ఒకటి కొట్లాడుకునే రెండు యాంటీవైరస్‌లు ఉంటే అవీ పోతాయి. తప్పు నిజంగా అక్కడే ఉంటే బాగుపడుతుంది కూడా. కానీ హార్డ్ డిస్కే అరిగిపోతూ ఉన్నా, ప్రాసెసర్ మీది ఫ్యాను దుమ్ముతో మూసుకుపోయినా, ర్యామ్ కాళ్ళకు చిలుము పట్టినా ఫార్మాట్ ఏం చేస్తుంది? పదకొండో రోజున మళ్ళీ హ్యాంగ్. మళ్ళీ షాపు. మూడోసారికి "మదర్ బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో" అనే మాట వస్తుంది.

షాపు వాళ్ళను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఫార్మాట్ చేస్తే రెండు గంటల్లో పని కనిపిస్తుంది, డబ్బులు చేతికొస్తాయి. కారణం వెతకాలంటే ఒక రోజంతా దాని ముందు కూర్చోవాలి. ఆ రోజు కూలి మనలో ఎవరిస్తున్నాం? సామాను మారిస్తే ఇస్తాం, తప్పు ఎక్కడుందో కనిపెట్టినందుకు ఇవ్వం. కాబట్టి ఆ రోజంతా కూర్చోవలసినవాళ్ళం మనమే.

అలా కూర్చుని చూసే పద్ధతి మన బిట్రగుంటకు కొత్త కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో మద్రాసుకీ బెజవాడకీ మధ్య ఇక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేదని ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనాటి రైల్వేలో బండి ఆగగానే పొడుగు పిడి సుత్తితో చక్రాలను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయే మనుషులు ఉండేవారు. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. ఇంజను షెడ్డుకు చేరాక డ్రైవరు తాను గమనించిన లోపాలను రిపేరు పుస్తకంలో రాసి వెళ్ళేవాడు. ఫిట్టరు ముందు ఆ రాతను చూసి, తర్వాతే స్పానరు పట్టేవాడు. కంప్యూటర్‌కూ అలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏం చేస్తుంటే ఆగింది, అప్పుడు ఎండగా ఉందా, అంతకుముందు కరెంటు పోయి వచ్చిందా. ఇంతే.

మా ఇంట్లో ఈ పుస్తకం రాసింది మా అమ్మ. ఆమెకు చదువు రాదు. నేను యూనివర్సిటీలో ఉండగా తమ్ముడు కంప్యూటర్ ముందు కూర్చుని "మళ్ళా ఆగిపోయిందిమా" అన్నప్పుడల్లా గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ పక్కన బొగ్గుతో చుక్క పెట్టేది. మధ్యాహ్నం అయితే పైన, రాత్రి అయితే కింద. నేను సెలవులకు వచ్చి చూస్తే చుక్కలన్నీ దాదాపు పైనే ఉన్నాయి. వాన పడిన నాలుగు రోజుల్లో ఒక్క చుక్కా లేదు. మాది రేకుల ఇల్లు. రోహిణి కార్తెలో రెండు గంటలప్పుడు లోపల ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అప్పటికే ఒక షాపులో మదర్ బోర్డు పోయిందని చెప్పారు. డబ్బా విప్పి చూస్తే ప్రాసెసర్ మీది అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది, కింద పేస్టు ఎండి పెచ్చులైంది. బ్రష్షుతో దులిపి, పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాం. మదర్ బోర్డు ఇప్పటికీ అదే.

అందరి ఇళ్ళలోనూ తప్పు వేడిలోనే ఉంటుందని కాదు. హ్యాంగ్ అయిన ఆ క్షణంలోనే కొంత తెలుస్తుంది. కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉన్నట్టే, ఏదో ఒక ప్రోగ్రామో డిస్కో అడ్డుపడుతోంది. దీపం కూడా కదలకపోతే సిస్టం మొత్తం బిగుసుకుపోయింది, అప్పుడు డ్రైవర్లనో హార్డ్‌వేర్‌నో అనుమానించాలి. డబ్బా ముందున్న హార్డ్ డిస్క్ దీపం ఆగకుండా వెలుగుతూనే ఉంటే ర్యామ్ చాలక డిస్కు మీద పడి ఈదుతోందన్నమాట, లేదా డిస్కే చదవలేక తంటాలు పడుతోంది. టిక్కు టిక్కుమని శబ్దం కూడా వస్తుంటే ఇంకేమీ చూడకుండా ముందు మీ ఫైళ్ళన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. మిగతా పరిశోధన తర్వాత.

నేను అన్నిటికన్నా నమ్మే పరీక్ష ఇంకొకటి ఉంది. ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ పెన్ డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాని నుంచే కంప్యూటర్‌ను నడపండి. ఉచితం, మీ డిస్కులో ఒక్క ఫైలు కూడా చెరగదు. అందులోనూ అలాగే హ్యాంగ్ అయితే తప్పు విండోస్‌ది కాదు, ఇక ఫార్మాట్ మాట ఎత్తనక్కర్లేదు. అప్పుడు ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో రాత్రంతా పరీక్షించవచ్చు. మనది సముద్రం దగ్గరి ఊరు, గాలిలో ఉప్పు తేమ. ర్యామ్ కాళ్ళు మసకబారడం మామూలే. తీసి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ పెడితే బాగుపడినవి చాలా ఉన్నాయి.

2000ల మొదట్లో తయారైన బోర్డులైతే కెపాసిటర్లను కూడా చూడాలి. ఆ రోజుల్లో ప్రపంచమంతటా నాసిరకం కెపాసిటర్లు వచ్చి, తలలు ఉబ్బి కారిపోయేవి. ఇక స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్ బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయిందని అర్థం. దానివల్ల హ్యాంగ్ కాదు గానీ, తేదీ తప్పుగా ఉంటే దరఖాస్తుల వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఆఖరి రోజున అది తెలియక ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

డబ్బా విప్పే ముందు ప్లగ్గు పీకండి. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం ఎవరూ తెరవకండి, ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుంటే ఇంట్లో ఎర్తింగ్ లేదని అర్థం, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఒకసారికి ఒకటే మార్చండి. ర్యామ్, ఫ్యాను, డ్రైవరు అన్నీ ఒకే పూట మారిస్తే దేనివల్ల బాగైందో ఎవరికీ తెలియదు.

ఇంత శ్రమ ఎందుకు, ఫోను ఉంది కదా అనే తమ్ముళ్ళూ ఉన్నారు. ఫోనులో పాఠం వినొచ్చు. నూట ఇరవై పేజీల డిసర్టేషన్ టైపు చేయడం, ఎక్సెల్ నేర్చుకోవడం, ప్రోగ్రాము రాయడం ఫోనులో కుదరవు. లాప్‌టాప్ ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళతో పోటీపడేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు దీనికి ఇంకో కారణం తోడైంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, మన పాత డబ్బాల్లో చాలావాటికి అది లేదు. కాబట్టి "ఇక పారేయాల్సిందే" అనేవాళ్ళు ఎక్కువవుతారు. నేను ఒప్పుకోను. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్.ఎస్.డి. పెట్టి, ఇంకొక ర్యామ్ ముక్క వేసి, లినక్స్ ఎక్కిస్తే డిగ్రీ చదువుకు కావలసిన పని హాయిగా చేస్తుంది. కొత్త సిస్టం ధరలో అది చిన్న వంతు. లినక్స్‌లో మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. అలవాటు పడటానికి ఒక నెల పడుతుంది, పడనివ్వండి.

చివరగా పాత విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. హాస్టల్‌కు సిస్టం బహూకరించి ఫొటో దిగడం మంచి సంగతే. కానీ అది ఆర్నెల్లకు హ్యాంగ్ అయి, గుడ్డ కప్పుకుని మూల చేరితే తీసి చూసే మనిషి కావాలి. ఈ ఏడు కొత్త డబ్బా తెచ్చే బదులు ఒక ఎస్.ఎస్.డి., ఒక స్క్రూడ్రైవర్ సెట్టు, ఒక ట్యూబు పేస్టు తెచ్చి, ఒక్క ఆదివారం పిల్లలతో కూర్చోండి. వార్డెన్ గారు ఒప్పుకుంటే మొదటి ఆదివారం నేను వస్తాను. రెండు వందల పేజీల నోటుబుక్కు, దాన్ని బల్లకు కట్టడానికి పురికొస నేనే తెస్తాను.