మానిన మాత్ర, మరలిన జ్వరము

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనినవానిని చూచి లోకము నవ్వును. కాని త్రవ్వియున్న బావిని, చిరకాలముగా మంటలు లేవు గదా యని పూడ్చివేసినవానిని చూచి యేమనవలెను? అట్టి కార్యము లోకమున మిక్కిలి ధనవంతమైన రాజ్యములో, మిక్కిలి బలవంతమైన సేనయందే జరిగినది. ఆ వృత్తాంతము మన పాఠకులెఱుగదగినది.

2023 సంవత్సరారంభమున పశ్చిమ వంగరాష్ట్రమున పసిబిడ్డలు జ్వరముతోను, ఆయాసముతోను ఆసుపత్రులను నింపివేసినప్పుడు అడినోవైరస్ అను పేరు మనవారి చెవిని బడినది. పలువురు శిశువులు మరణించిరి. నాటినుండి యిది పిల్లల జాడ్యమను తలంపు జనులలో నాటుకొన్నది. ఆ తలంపు సగము మాత్రమే నిజము. ఈ వైరసును 1953లో అమెరికా శాస్త్రజ్ఞులు బిడ్డల గొంతుకలోని అడినాయిడు కణజాలమునుండి తొలుత వేరుపఱచిరి, పేరందుచేతనే వచ్చినది. కాని మరుసటి యేడే హిల్మన్, వెర్నర్ అను నిరువురు శాస్త్రజ్ఞులు దానిని జ్వరపడిన యువసైనికులయందు కనుగొనిరి. నిండు యౌవనమందున్నవారినిగూడ నిది పడగొట్టునని నాడే తేలినది.

పెద్దలయందు దీని నడక యెట్టిదనగా: సోకిన రెండు దినములు మొదలు రెండు వారములలోపల గొంతునొప్పి, దగ్గు, పడిశము, తీవ్రజ్వరము పొడసూపును, కొందఱకు కన్నులెఱ్ఱవాఱును. అధికసంఖ్యాకులకు వారము పది దినములలో తానే తగ్గును. కొలదిమందికి మాత్రము ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగా మాఱును. మూత్రపిండము మొదలగువానిని మార్పిడి చేయించుకొన్నవారికి, వ్యాధినిరోధశక్తి క్షీణించినవారికి నిది ప్రాణాంతకమగుటయు గలదు. సూక్ష్మభేదములనుబట్టి దీనిలో పలు రకములున్నవి. సైనికుల పాలిట శత్రువులు ముఖ్యముగా 4వ రకము, 7వ రకము.

క్రొత్తగా సేనలో జేరిన యువకులు నలుదిక్కులనుండి వచ్చి యొకే కప్పుక్రింద మంచము ప్రక్క మంచము వేసికొని పరుందురు, నిద్ర చాలదు, దేహశ్రమ మెండు. వైరసునకు నింతకంటె మంచి పొలము దొరకదు. టీకా లేని దినములలో అమెరికా శిక్షణశిబిరములందు నూటికి 80 మందివఱకు దీని వాతబడుటయు, 20 మందివఱకు ఆసుపత్రి జేరుటయు జరిగెను. అందుచేత 4, 7 రకములకు రెండు మాత్రలు సిద్ధపఱచిరి. ఇందలి యుక్తి చక్కనిది. సజీవమైన వైరసునే మాత్రలో నుంచి, కడుపులోని యామ్లమునకు గరగని పొర తొడిగిరి. నమలక మ్రింగినచో నది గొంతును తాకక ప్రేగులకు జేరి, యచట కీడు సేయకయే దేహమునకు రక్షణ నేర్పును. 1971 మొదలు సైనికులకెల్ల నిచ్చిరి. రోగము దాదాపుగా మాసిపోయెను.

మాసిపోవుటయే ముప్పు తెచ్చెను! ఆ మాత్రలను చేయుచున్న కర్మాగార మొక్కటియే. అది పాతబడినది, దానిని బాగుచేయుటకు సొమ్మెవ్వరు పెట్టవలెనని తయారీదారునకును, రక్షణశాఖకును పొత్తు కుదరలేదు. 1996లో తయారీ యాగెను. మిగిలిన నిలువ 1999 నాటికి చెల్లిపోయెను. మాత్ర మానినంతనే జ్వరము మరలివచ్చెను. 2000లో ఇల్లినాయి రాష్ట్రమందు, అంతకుమున్ను ఆరోగ్యవంతులుగానుండిన యిద్దఱు యువసైనికులు ఈ వ్యాధి కారణముగా మరణించిరి. టీకాను వెంటనే పునరుద్ధరింపుడని ఆ యేడే అచటి వైద్యవిద్వాంసుల సంస్థ హెచ్చరించెను. అయినను క్రొత్త మాత్రకు 2011 మార్చిలోగాని యనుమతి రాలేదు. ఆ యేటి యక్టోబరునుండి మరల నిచ్చిరి. రెండేండ్లలో రోగము నూఱవవంతునకు దిగెను. ఆదా చేయదలచిన సొమ్మునకు అనేక రెట్లు క్రొత్త మాత్రకు వెచ్చింపవలసి వచ్చెను. పోయిన ప్రాణములకు వెలగట్టు ఖాతా మాత్ర మేదియు లేదు.

చేయరాని పని చేయుట మాత్రమే కాక, విధిగా చేయవలసిన పనిని మానుటయు అపరాధమని న్యాయశాస్త్రము చెప్పుచున్నది. వ్యాధి కనబడకుండుటను చూచి దానిని కనబడనీయకుండ జేయుచున్న యేర్పాటును తీసివేయుట అట్టి యుపేక్ష. సిద్ధించిన ఫలమునే నిష్ప్రయోజనమునకు సాక్ష్యముగా జూపుట యెంత విపరీతవాదము!

అందఱకును ఈ మాత్ర కావలెనని మేము కోరుటలేదు. అది యా దేశమున సైన్యమునకు మాత్రమే యుద్దేశింపబడినది. సామాన్యులలో రోగము మిక్కుటముగా స్వల్పమే. మనము గ్రహింపవలసినది నీతిని. 2020, 2021 సంవత్సరములలో కోవిడు తాకిడికి మన దేశమున పరీక్షాశాలలు వెలసినవి; జిల్లా యాసుపత్రులలో ప్రాణవాయు యంత్రములు నెలకొన్నవి. అవి యెంత బాధకు పిమ్మట లభించిన సంపదయో ప్రజలు మఱచియుండరు. ఆ యంత్రములు నేడు నడుచుచున్నవా, ఆ పరీక్షాశాలలలో నేర్పరులున్నారా, అడినోవైరసువంటి రోగముల లెక్క బహిరంగముగా ప్రకటింపబడుచున్నదా యని శాసనసభ్యులు ప్రశ్నింపవలెను. పోలీసు శిక్షణాలయములు, కారాగారములు, విద్యార్థివసతిగృహములు మన సీమలోను నిట్టి పొలములే. గదిలో నెందఱుండవచ్చునో, గాలి యెట్లాడవలెనో నిర్ణయించు నియమములు కాగితముమీద నుండి గోడలమీదికి దిగవలెను.

ప్రభుత్వమునకు చెప్పుటతో మన విధి తీఱదు. ఈ వైరసునకు కొవ్వుపొర లేదు. అందుచే సారాయముతో చేసిన చేతిద్రావకములు దీనిపై సరిగా పనిచేయవు. సబ్బుతో, పాఱు నీటితో చేతులు కడుగుటయే మేలు. తలుపుగడియలపై, తువ్వాళ్లపై ఇది దినములకొలది జీవించియుండును. ఆంటీబయోటిక్కులు దీనిని తాకనైన తాకవు. వైద్యుడు వలదన్నను అంగడికి పోయి కొని తెచ్చి మ్రింగుట నిష్ఫలము, అపకారము గూడ. తీవ్రజ్వరమువలన బాక్టీరియా వ్యాధిగా భ్రమ కలుగును గావున, గొంతు పరీక్ష చేయించి తేల్చుకొనుట వివేకము. జ్వరముతో కచ్చేరికి, పఠనమందిరమునకు పోవుట పౌరుషము కాదు, ఇరుగుపొరుగువారికి ద్రోహము. జ్వరము తగ్గక యూపిరి బరువెక్కినచో నొక్క దినమైనను జాగుచేయక ఆసుపత్రికి పోవలెను.

దాహమైనపుడు బావిని తలచుట సహజము. నీరు నిండియున్నపుడు దానిని కాపాడుటయే పౌరధర్మము, రాజధర్మము.