గాడిలో వేసేముందు...

మిర్చి గురించి గుంటూరు రైతుకు ఒకరు పాఠం చెప్పక్కర్లేదు. కల్లంలో ఆరిన కాయను చెవి దగ్గర ఆడిస్తే చాలు, గింజల గలగలను బట్టి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. తడి కాయ బస్తాలో పడితే బూజు పడుతుందనీ, ధర పోతుందనీ తెలుసు. కానీ అదే ఇంటి పెరట్లో గడ్డివామి వానకు తడిసి, లోపల వేడెక్కి, నల్లబడి ఉంటుంది. దాన్నే చేతినిండా పీకి గాడిలో వేస్తారు. గొడ్డు దగ్గుతుంది. 'జలుబు చేసిందిలే' అనుకుంటారు.

అది జలుబు కాకపోవచ్చు!

పత్తి, మిర్చి డబ్బు తెస్తాయి కానీ మేత ఇవ్వవు. పత్తికట్టె పొయ్యిలోకి పోతుంది. మిరప మోడు గొడ్డు ముట్టదు. జొన్న, సజ్జ వేసిన రోజుల్లో చొప్ప నేరుగా ఇంటికొచ్చేది. ఇప్పుడు మెట్ట ఊళ్లలో చాలామంది డెల్టా నుంచి వరిగడ్డి కొనుక్కోవాల్సిందే. కోతల వేళకే తుపాన్లు! పైకి ఎండినట్టు కనిపించే గడ్డిమోపు లోపల పచ్చిగానే ఉంటుంది. అక్కడే బూజు పుడుతుంది.

గడ్డి దుమ్ము సంగతి బాగా తెలిసింది గుర్రాలు పెంచేవారికి. గుర్రం ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నోటితో పీల్చలేదు. తిన్నది కక్కలేదు కూడా. అందుకే బూజు దుమ్ముతో దానికి ఆయాసం, పాడైన మేతతో ప్రాణం తీసే కడుపునొప్పి. కాబట్టి వాళ్లు గడ్డిని కాసేపు నీళ్లలో నానబెట్టి, నీరు ఓడ్చి, నేల మీదే పెడతారు. తల కిందికి వంచి తింటే ముక్కులో చేరిన దుమ్ము, చీమిడి బయటికి జారిపోతాయి.

మరి ఎద్దుకు అంత సున్నితమెందుకు అంటారా? దానికి నాలుగు అరల పొట్ట ఉంది, నెమరు ఉంది. ముతక గడ్డిని అరిగించుకోవడంలో గుర్రం కంటే గట్టిదే. కానీ ఊపిరితిత్తులు ఎవరికైనా ఊపిరితిత్తులే. పైగా బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు చెవుల కొనలు, తోక, గిట్టలు కుళ్లే జబ్బు కూడా వస్తుంది. దేగ్‌నాలా అంటారు.

ఒంగోలు జాతిని ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. బ్రెజిల్‌లో దానిపేరు 'నెలోర్'. ఒకప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కదా, ఆ పేరే అక్కడ స్థిరపడింది. ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గిపోయాయి. గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధనా స్థానం ఈ జాతిని కాపాడే పనిలో ఉంది. మిగిలిన జతలనైనా బూజుగడ్డికి బలిపెట్టకూడదు.

పెద్ద ఖర్చేం లేదు. వామి నేల మీద కాకుండా ఎత్తయిన దిబ్బ మీద వేయాలి. ఇంటి కప్పులా ఏటవాలుగా ఉంటే వాననీరు జారిపోతుంది. తడిగడ్డి మీద పట్టా కప్పితే ఆవిరి లోపలే ఉండి బూజు పెరుగుతుంది. ముందు ఎండాలి, తర్వాతే పట్టా.

గడ్డి దులిపేది ఆరుబయట. గొడ్లచావిడిలో కాదు. గాలికి వీపు పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని దులపాలి. ఎందుకంటే ఆ దుమ్ము మనిషినీ వదలదు. బూజుగడ్డి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే 'రైతు ఊపిరితిత్తుల జబ్బు' వస్తుంది. చాలా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే. ఆమె దగ్గునూ జలుబు కింద కొట్టేయకూడదు.

దులిపిన గడ్డి మీద నీళ్లు చల్లితే మిగిలిన దుమ్ము అణుగుతుంది. కానీ తడిపింది ఆ పూటే పెట్టాలి. గాడిలో మిగిలితే పులుస్తుంది, తీసేయాలి. బూజుపట్టిన గడ్డిని మాత్రం నీళ్లు బాగుచేయలేవు. దాని చోటు ఎరువుదిబ్బే. చొప్పనైతే అంగుళం ముక్కలుగా కొడితే వృథా తగ్గుతుంది. కొత్త మేతకు ఒక్కరోజులో మార్చకుండా వారం, పదిరోజులు పాతదానితో కలిపి అలవాటు చేయాలి.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50-60 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరపొరకూ చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే బలం పెరుగుతుంది. తీశాక ఘాటు పోయేదాకా గంటసేపు ఆరబెట్టాకే పెట్టాలి. ఆరు నెలల్లోపు దూడలకు వద్దు. గుర్రానికి వద్దు. యూరియా నీళ్లు కుడితిలో కలిశాయో, ప్రాణాలకే ముప్పు. ముందు పశువైద్యుణ్ని అడగడం మేలు.

ఇవన్నీ గుర్తుండవంటారా? అయితే ఒక్కటి చాలు. గాడిలో వేసేముందు గుప్పెడు గడ్డి ముక్కు దగ్గర పెట్టుకోండి. కమ్మటి ఎండు వాసన వస్తే సరే. ముక్కవాసన వచ్చిందా, తుమ్మొచ్చిందా... అది గొడ్డుకూ వద్దు!