పీహెచ్‌డీ చేసి పానా పట్టడమేంటి?

నా చేతుల మసి చూసి స్టాఫ్‌రూములో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు జవాబు అక్కడే ఇచ్చేశాను, వదిలేయండి. మన ఉద్యమ మిత్రుడొకడు అదే మాట ఇంకోలా అడిగాడు: "అన్నా, ఆ చాకిరీ నుంచి బయటపడటానికే కదా చదువుకున్నాం, మళ్లీ మసిలోకే పోతావా?" నాకు నిద్రపట్టనివ్వనిది ఈ రెండోది.

మూడేళ్ల కింద ఒక ఊళ్లో మనవాళ్లను వెలేశారంటే నిజనిర్ధారణకు పోయాం. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. సరిగ్గా పెత్తందార్ల వీధి మొగలో నా వంద సీసీ బండి మిస్సింగ్ కొట్టి ఆగిపోయింది. అరుగుల మీదోళ్లు చూస్తున్నారు. కిక్కు కొట్టీ కొట్టీ కాలు లాగేసింది, చివరికి నెట్టుకుంటూ నడిచాను. అలాంటి వీధిలోనే మా నాన్న సైకిల్ దిగి నడిచేవాడు, దిగకపోతే తన్నేవాళ్లు. నన్నెవరూ దించలేదు. నాకు రాని పని దించింది. దళిత కవిత్వంలో శ్రమ గురించి మూడొందల పేజీలు రాసినోణ్ణి, ప్లగ్గు ఎక్కడుంటుందో తెలియదు!

మర్నాడు చెట్టు కింద షెడ్డులో, పదో తరగతి తప్పిన కుర్రాడు ప్లగ్గు విప్పి చేతిలో పెట్టాడు. "మసి చూడండి సార్, దీనికి గాలి అందట్లేదు." ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది. గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గుకు నల్లటి పొడిమసి పడుతుంది. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు, తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలట్లేదన్నట్టు. ఆదివారాలు అతని పక్కన కూర్చున్నాను. కార్బురేటర్ ట్యూనింగు నాకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. ఇంజను వేడెక్కాక గాలి స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పాలి. శబ్దం ఎక్కడ సాఫీగా, జోరుగా పలుకుతుందో అక్కడ ఆపి, తర్వాత ఐడిలింగ్ స్క్రూతో వేగం దించాలి. అదంతా చెవి పని. ఛందస్సు చెప్పే నా చెవికి అది పట్టడానికి నాలుగు వారాలు పట్టింది.

మా తాత తోలుతో మోటకు తొండం కుట్టేవాడు. చుక్క నీరు కారకుండా కుట్టు బిగించడం విద్య కాదా? ఊరు దాన్ని వెట్టి అంది. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్నే విడదీసి మెట్లుమెట్లుగా పేర్చిందని 1936లోనే 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ తేల్చేశారు. పుట్టుకతో అంటగట్టిన పనిని కాదనడం మన పోరాటం. విద్యనే కాదనడం ఎవరి పోరాటం? వాళ్ల పిల్లాడు గేరేజీలో పానా పడితే హాబీ, మన పిల్లాడు పడితే చదువబ్బనోడు. దసరాకు పానాకు పసుపు కుంకుమ పెడతారు, ఆ పానా పట్టినోడికి టీ గ్లాసు మాత్రం వేరే పెట్టిన ఊళ్లున్నాయి.

అలాగని శ్రమ పవిత్రమని పాటలు పాడేవాళ్లతోనూ నాకు పొత్తు కుదరదు. ఆ షెడ్డు కుర్రాడి గోళ్ల సందుల్లో ఆయిలు పోదు, నడుము నొప్పి పోదు, కూలి గిట్టదు. పవిత్రత అతనికేం పెట్టింది?

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా చౌక బళ్లలో కూడా కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పొగ తగ్గడం మంచిదే. కానీ తిప్పడానికి గాలి స్క్రూ లేదు, సెన్సార్ లోపం తెలియాలంటే స్కానర్ కావాలి. స్కానర్ కొనలేని చెట్టుకింది షెడ్లు ఏమైపోవాలి? చేతిలో ఉన్న విద్యను పెట్టెలో పెట్టి తాళం వేయడం మనకు కొత్త కాదు కదా. అయినా చైను బిగువు, ఆయిలు మార్చడం, ఫిల్టర్, ప్లగ్గు, బ్రేకులు ఇంకా మన చేతుల్లోనే ఉన్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఆదివారం పొద్దున ఏడింటికి హాస్టలు వెనక వేపచెట్టు కింద నా బండి విప్పుతున్నాను. ఆ కుర్రాడే పాఠం చెప్తాడు, ఆ పూట కూలి నేనిస్తున్నాను. చెల్లెళ్లు ముందు కూర్చోవాలి. పాత చొక్కాలు వేసుకుని రండి.

జై భీమ్.